చెన్నైలో 38 డిగ్రీలకు కూడా వడదెబ్బ తగులుతుందా? ప్రభుత్వ ఏర్పాట్లు సైటు కూలీలకు అందుతాయా?

తర్వాత చదివేవాళ్ళ కోసం మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెబుతాను. మీది శ్రీకాకుళం జిల్లా. మీ బావగారు చెన్నైలో పెరుంబాక్కం వైపు ఒక అపార్ట్‌మెంట్ సైటులో సెంట్రింగ్ పని చేస్తున్నారు, మకాం అక్కడే రేకుల షెడ్డులో. హీట్ అలర్టులు, ఓఆర్‌ఎస్ కేంద్రాలు, చనిపోతే 4 లక్షలు అని వార్తల్లో వింటున్నారు. “ఊళ్ళో 44, 45 చూసినవాళ్ళం. చెన్నైలో 37, 38కి అంత భయపడాలా? ఈ ఏర్పాట్లు మాలాంటివాళ్ళ దాకా వస్తాయా?” అని అడిగారు.

సూటిగా చెబుతాను. చెన్నైలో 37 డిగ్రీలు మీ ఊరి 44 కంటే తేలికేమీ కాదు. ప్రభుత్వ ఏర్పాట్లలో పనికొచ్చేవి ఉన్నాయి. ఆసుపత్రి వైద్యం ఉంది, 108 ఉంది, నీళ్ళూ ఓఆర్‌ఎస్ కేంద్రాలూ ఉన్నాయి. కానీ ప్రాణం కాపాడడంలో అన్నిటికంటే పెద్దది పని వేళ మార్చడం. మీ బావగారి సైటులో అది దానంతట అది జరగదు, అడిగి మార్పించుకోవాలి. మజ్జిగ ప్యాకెట్ చేతికిచ్చి మధ్యాహ్నం రెండింటికి స్లాబ్ మీదకు ఎక్కిస్తే ఆ మజ్జిగ ఎవరినీ కాపాడదు.

మాది నెల్లూరు. చెన్నైలో ప్రభుత్వ ఆసుపత్రి ఎమర్జెన్సీలో చాలా ఏళ్ళు డాక్టరుగా చేశాను. ఇప్పుడు నిర్మాణ కార్మికులకు, పారిశుధ్య కార్మికులకు ఆరోగ్య శిబిరాలు నడుపుతున్నాను. కింద రాసేదంతా ఆ అనుభవంలోంచే.

ముందు డిగ్రీల సంగతి. మన ఒంటిని చల్లబరిచేది చెమట. చెమట కారితే చాలదు, అది ఆరాలి. శ్రీకాకుళం పల్లెల్లో పడమటి గాలి వీచే రోజు ఎండ మండిపోతుంది, కానీ గాలి పొడిగా ఉంటుంది కాబట్టి చెమట ఆరుతుంది. చెన్నైలో సముద్రం పక్కనే. ఒళ్ళంతా తడిసి చొక్కా పిండేటట్టు ఉన్నా చెమట ఆరదు, లోపలి వేడి లోపలే ఉండిపోతుంది. హీట్ ఇండెక్స్ పట్టిక ప్రకారం 36 డిగ్రీల వేడికి 60 శాతం తేమ తోడైతే ఒంటికి దాదాపు 48 డిగ్రీల్లా ఉంటుంది. అదీ నీడలో ఉన్నవాళ్ళ లెక్క. స్లాబ్ మీద ఇనుప చువ్వల మధ్య నిలబడ్డవాడికి ఇంకా ఎక్కువ.

అలర్టులు మనల్ని మోసం చేసేది ఇక్కడే. వాతావరణ శాఖ తీర ప్రాంతంలో ‘వడగాలులు’ అని ప్రకటించాలంటే ఉష్ణోగ్రత 37 దాటాలి, దాంతోపాటు ఆ రోజు మామూలుగా ఉండాల్సిన దానికంటే నాలుగున్నర డిగ్రీలు ఎక్కువ ఉండాలి. చెన్నైలో మే నెల మామూలు గరిష్ఠమే 37, 38 దగ్గర ఉంటుంది. అంటే 42 దరిదాపులకు వెళితే గానీ ఆ మాట రాదు. 2003 మే 31న ఈ ఊళ్ళో 45 నమోదైంది, అలాంటి రోజులు అరుదు. మేం ఆసుపత్రిలో చూసిన వడదెబ్బ కేసుల్లో చాలావరకు ఏ హెచ్చరికా లేని రోజుల్లోనే వచ్చాయి. అందుకని ‘వడగాలులు’ అనే మాట కోసం చూడకండి. వాతావరణ శాఖ ప్రకటనలో ‘వేడి, ఉక్కపోత’ అని కనిపించినా చాలు, జాగ్రత్త పడాల్సిన రోజే. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ వాళ్ళ ‘సచేత్’ యాప్‌లో తెలుగులో కూడా హెచ్చరికలు వస్తాయి. తమిళం చదవడం రాని మనవాళ్ళ ఫోన్లలో అది ఉండాలి.

ఇంకో మాట. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయి, ఆ కార్తె దాటితే గండం గడిచినట్టే అనుకుంటాం. ఇక్కడ తమిళులు అగ్ని నక్షత్రం అని మే 4 నుంచి 28 దాకా లెక్కపెట్టుకుంటారు. 2024 అక్టోబరు 6న మెరీనా బీచ్‌లో వైమానిక దళ విన్యాసాలు చూడడానికి లక్షల మంది వచ్చి గంటల తరబడి ఎండలో నిలబడ్డారు. ఐదుగురు చనిపోయారు. అప్పుడు రోహిణి కార్తె ఉందా? అదే నెలలో తమిళనాడు ప్రభుత్వం వడగాలులను రాష్ట్ర విపత్తుగా ప్రకటించింది.

ఇక ప్రభుత్వాలు ఏం చేశాయంటే. మన దేశంలో దీనికి దారి చూపింది అహ్మదాబాద్. 2010 మే నెల వడగాలుల్లో ఆ ఒక్క నగరంలో మామూలు కంటే 1,344 మరణాలు ఎక్కువ నమోదయ్యాయి. 2013లో వాళ్ళు హీట్ యాక్షన్ ప్లాన్ పెట్టారు, దక్షిణాసియాలోనే అది మొదటిది. ఎంత ఎండకు ఏ రంగు అలర్టు, అది వచ్చిన రోజు ఏ అధికారి ఏం చేయాలి, ఏ ఆసుపత్రి ఎలా సిద్ధం కావాలి అని ముందే రాసి పెట్టుకున్నారు. దానివల్ల ఏడాదికి సగటున 1,190 మరణాలు తప్పాయని తర్వాత పరిశోధకులు అంచనా వేశారు. అందులో ఖరీదైన యంత్రాలేమీ లేవు. ఎవరి పని ఏమిటో పేరుపెట్టి రాయడమే దాని బలం.

2015 మేలో ఆంధ్ర, తెలంగాణల్లో వెయ్యి మందికి పైగా పోయారు, మీకూ గుర్తుండే ఉంటుంది. ఆ మరుసటి ఏడాది జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ రాష్ట్రాలన్నిటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. 2019 నుంచి కేంద్ర ఆరోగ్య శాఖ కింద వాతావరణ మార్పులు, ఆరోగ్యం మీద ఒక జాతీయ కార్యక్రమం నడుస్తోంది. దాని కింద ఎండాకాలమంతా ఆసుపత్రులు వడదెబ్బ కేసుల లెక్క పంపాలి, పడకలు సిద్ధంగా ఉంచాలి. చెన్నైలో కార్పొరేషన్ ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఓఆర్‌ఎస్ పెడుతున్నారు, కొన్ని సిగ్నళ్ళ దగ్గర పచ్చ గుడ్డతో పందిళ్ళు వేశారు. 2025లో అన్నానగర్‌లో డెలివరీ కుర్రాళ్ళు కూర్చోవడానికి ఏసీ గది కట్టారు. నాకు ఆ గది చాలా నచ్చింది. ఎండలో తిరిగేవాడికి కూర్చునే హక్కు ఉందని ఒప్పుకున్న పని అది.

కానీ సిగ్నల్ దగ్గర పందిరి మీ బావగారి స్లాబ్ మీదకు రాదు కదా.

కేరళలో కార్మిక శాఖ ఏటా ఎండలు ముదరగానే ఆదేశం ఇస్తుంది: మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా బయట ఎండలో పని చేయించకూడదు. గల్ఫ్‌కు వెళ్ళొచ్చిన మన జిల్లాల వాళ్ళను అడగండి. యూఏఈలో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా పన్నెండున్నర నుంచి మూడింటి వరకు పని బంద్. ఖతార్‌లో పొద్దున పది నుంచి మూడున్నర దాకా. ఇన్‌స్పెక్టరు వస్తాడు, జరిమానా వేస్తాడు. నా దృష్టిలో ప్రజారోగ్యం అంటే ఇదీ. ‘ఎండలో తిరగకండి’ అని పోస్టరు వేస్తే ఇంట్లో కూర్చోగలిగినవాడు ఇంట్లో కూర్చుంటాడు. రోజు కూలీకి ఆ పోస్టరు వల్ల ఒరిగేదేమీ లేదు. అతని గంటలు అతని చేతిలో లేవు, కాంట్రాక్టరు చేతిలో ఉన్నాయి. కాబట్టి ఆదేశం కాంట్రాక్టరుకే వెళ్ళాలి.

ఆదేశం కోసం ఎదురు చూడకుండా సైటులో అడగడానికి ఒక దారి ఉంది, నేను చాలాచోట్ల వాడాను. సైటు ఇంజనీరుతో కాంక్రీటు భాషలో మాట్లాడండి. మంచి ఎండలో కాంక్రీటు పోస్తే నీరు త్వరగా ఆవిరై పగుళ్ళు వస్తాయని ఆయనకు తెలుసు. వేడి తగ్గించడానికి రెడీమిక్స్‌లో చల్లటి నీళ్ళు, ఐసు కలపడం కూడా తెలుసు. పోత తెల్లవారుజామునో సాయంత్రమో పెట్టుకుంటే స్లాబూ బాగుంటుంది, మనుషులూ బాగుంటారు. “పొద్దున ఆరింటికి మొదలుపెట్టి పదకొండున్నరకు ఆపుతాం, మళ్ళీ మూడున్నరకు ఎక్కుతాం, కూలి మాత్రం తగ్గించొద్దు” అని మేస్త్రీ ద్వారా గుంపుగా అడిగితే ఒప్పుకున్న సైట్లు ఉన్నాయి. ఒక్కడే వెళ్ళి అడిగితే పని పోతుందన్న టెన్షన్ ఉంటుంది, అందుకే గుంపుగా అన్నాను. తాగునీరు, మరుగుదొడ్లు, ఫస్ట్ ఎయిడ్ మాత్రం దయ కాదు. 1996 నిర్మాణ కార్మికుల చట్టంలోనే అవి యజమాని బాధ్యత అని రాశారు, 2025 నవంబరులో దాని స్థానంలో అమల్లోకి వచ్చిన కార్మిక భద్రతా కోడ్‌లోనూ అంతే.

ఊరి నుంచి కొత్తగా వచ్చినవాళ్ళ మీద ఒక కన్ను వేయండి. ఎండకు ఒళ్ళు అలవాటు పడడానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. ఎండలో పని చేస్తూ చనిపోయేవాళ్ళలో ఎక్కువమంది మొదటి వారంలోనే పోతారని అమెరికా కార్మిక భద్రతా శాఖ చెబుతోంది. మనవాళ్ళు పెళ్ళికో జాతరకో ఊరెళ్ళి, పది పదిహేను రోజులు చల్లగా ఉండి, రైలు దిగిన మర్నాడే పూర్తి పనిలోకి దిగుతారు. పాత పనివాడే కదా అని మేస్త్రీ కూడా ఊరుకుంటాడు. కానీ ఆ అలవాటు పోయి ఉంటుంది. మొదటి రోజు ఇరవై శాతం పని, తర్వాత రోజుకు కొంచెం పెంచుతూ పోవాలి. సైటులో అంత కుదరకపోతే కనీసం మొదటి నాలుగు రోజులు నీడ పట్టున ఉండే పని ఇవ్వమనండి.

ఇప్పుడు వడదెబ్బ తగిలితే ఏం చేయాలో చెబుతాను, దీనికి నిమిషాలే లెక్క. ఒక రాడ్ బెండింగ్ కుర్రాడిని తోటివాళ్ళు ఆటోలో తెచ్చారు. ‘జ్వరం, పిచ్చిపిచ్చిగా మాట్లాడుతున్నాడు’ అన్నారు. దారిలో జ్వరం మాత్ర వేశారు, వణుకుతున్నాడని దుప్పటి కప్పారు. ఒళ్ళంతా చెమట. వడదెబ్బ అయితే చర్మం పొడిగా ఉంటుందని చాలామంది అనుకుంటారు. కష్టమైన పని చేస్తూ పడిపోయినవాళ్ళలో చెమట ఉండగానే వడదెబ్బ తగులుతుంది. చంకలో పెట్టిన థర్మామీటరు 39 చూపించింది, లోపలి ఉష్ణోగ్రత 41 దాటి ఉంది. టార్పాలిన్ పట్టా నేల మీద పరిచి, అతన్ని అందులో పడుకోబెట్టి, నాలుగు అంచులూ నలుగురు పైకెత్తి పట్టుకుంటే అది తొట్టిలా అయింది. కాశిమేడు చేపల రేవు దగ్గరే కాబట్టి బస్తా ఐసు నిమిషాల్లో వచ్చింది. ఆ ఐసు నీళ్ళలో ఒంటిని కలియబెడుతూ ఉంటే కాసేపటికి తన పేరు తాను చెప్పాడు. బతికాడు. ఢిల్లీలోని రామ్ మనోహర్ లోహియా ఆసుపత్రిలో 2024లో పెట్టిన వడదెబ్బ విభాగంలో ఐసు తొట్లు ఉన్నాయి. పట్టా, ఐసు ఉంటే అదే వైద్యం ఏ సైటులోనైనా మొదలుపెట్టొచ్చు.

ముందు చల్లబరచాలి, తర్వాతే ఆసుపత్రికి. మాట తడబడినా, తూలినా, పొంతన లేకుండా మాట్లాడినా, ఫిట్స్ వచ్చినా అది వడదెబ్బే అనుకుని మొదలుపెట్టండి. నీడలోకి లాగండి, బట్టలు విప్పండి, బకెట్లతో ఒళ్ళంతా నీళ్ళు పోయండి, విసరండి. ఐసు దొరికితే మెడ, చంకలు, గజ్జల్లో పెట్టండి. 108 వచ్చేదాకా ఆపకండి. అరగంటలోపు ఒంటి వేడి దిగితే బతికే అవకాశం చాలా ఎక్కువ. స్పృహ సరిగ్గా లేనివాడి నోట్లో నీళ్ళు పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. జ్వరం మాత్ర దీనికి పనిచేయదు. జేబులో ఉల్లిపాయ పెట్టుకుంటే పెట్టుకోండి, దాని మీద భరోసా మాత్రం పెట్టుకోకండి.

108కి ఫోన్ చేసినప్పుడు అసలు చిక్కు అడ్రసు. మనవాళ్ళకు సైటు పేరు తెలుసు, వీధి పేరు తెలియదు. అవతల మాట్లాడేవాళ్ళది తమిళం. సైటు పూర్తి అడ్రసు, దగ్గరి గుర్తు తమిళంలో రాయించి షెడ్డు గోడకు అంటించండి. నేను శిబిరం పెట్టిన ప్రతిచోటా మొదట చేసే పని అదే.

తాగేదాని గురించి. పని చేస్తున్నంతసేపూ పావుగంటకో ఇరవై నిమిషాలకో ఒక గ్లాసు నీళ్ళు, దాహం వేసినా వేయకపోయినా. ఓఆర్‌ఎస్ పెద్ద ప్యాకెట్ లీటరు నీళ్ళకు. చాలామంది దాన్ని ఒక గ్లాసులో కలిపి గటగటా తాగేస్తారు, అది ప్రమాదం. మెడికల్ షాపులో ఓఆర్‌ఎస్ అని అడిగితే పండ్ల రసం డబ్బా ఇచ్చే రోజులుండేవి. హైదరాబాద్‌లో పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ గారు ఏళ్ళ తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ, అసలు సూత్రానికి సరిపోని పానీయాల మీద ఆ పేరు వాడకూడదని ఆదేశించింది. ఒక్క డాక్టరు పట్టుదలతో వచ్చిన ప్రభుత్వ చర్య అది, వడదెబ్బకు కూడా నేరుగా పనికొచ్చేది. ప్యాకెట్ మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని ఉందో లేదో చూసి కొనండి.

సైటులో ఆడవాళ్ళు ఉంటే వాళ్ళ సంగతి వేరే చెప్పాలి. చెన్నైలో పారిశుధ్య పనిలో మన తెలుగు ఆడవాళ్ళు తరతరాలుగా ఉన్నారు. ఎండాకాలంలో నీళ్ళు ఎందుకు తాగరమ్మా అంటే, “తాగితే ఎక్కడికి వెళ్ళాలి డాక్టర్ గారూ?” అంటారు. మరుగుదొడ్డి లేకపోతే చలివేంద్రం ఉన్నా లేనట్టే. ఇన్ఫెక్షన్లు, కిడ్నీ సమస్యలు అక్కడే మొదలవుతాయి. చెన్నై పోరూరులోని శ్రీ రామచంద్ర సంస్థలో ప్రొఫెసర్ విద్యా వేణుగోపాల్ బృందం తమిళనాడులో 800 మంది గర్భిణులను పరిశీలించింది. బాగా వేడిలో పనిచేసేవాళ్ళలో గర్భస్రావం ముప్పు రెట్టింపు ఉందని 2024లో ప్రచురించింది. మీ అక్కగారు కూడా అక్కడే పనిలో ఉండి, ఈ మధ్య నెల తప్పి ఉంటే, ఎండ పని మాన్పించండి. దీంట్లో నాకు రెండో ఆలోచన లేదు.

షెడ్డు సంగతి. రాత్రి ఒళ్ళు చల్లబడకపోతే మర్నాడు సగం అలసటతోనే పనిలోకి దిగుతారు. రేకుల షెడ్డులో రాత్రి పదకొండింటికి కూడా గోడ మీద చెయ్యి పెట్టలేనంత వేడి నేను చూశాను. తెలంగాణ 2023లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది, పైకప్పులకు తెల్లటి పూత వేయాలని. మీ బావగారి షెడ్డు రేకుల మీద సున్నమో తెల్ల రంగో వేయించమని అడగండి, లోపల రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. కాంట్రాక్టరుకు అది చాలా చిన్న ఖర్చు. అదీ కుదరకపోతే రేకుల మీద తాటాకులు పరిచి సాయంత్రం తడపండి.

చివరగా ఆ 4 లక్షలు. ఈ మాట రాయడం నాకు కష్టంగానే ఉంది, కానీ మీరు అడిగారు. వడగాలుల వల్ల చనిపోతే రాష్ట్ర విపత్తు నిధి నుంచి కుటుంబానికి 4 లక్షలు ఇస్తామని తమిళనాడు 2024లో ప్రకటించింది. అప్పటికి కేంద్రం జాబితాలోని విపత్తుల్లో వడగాలులు లేవు కాబట్టి రాష్ట్రం తన నిధిలో పది శాతం లోపు డబ్బుతో ఇలాంటివి చూసుకోవాల్సి వచ్చింది. డబ్బు వచ్చేదీ రానిదీ కాగితం మీద ఆధారపడి ఉంటుంది. ఎండకు పోయినవాడి ఒంట్లో ‘ఇది వడదెబ్బ’ అని చెప్పే ఒక్క గుర్తు ఉండదు. పడిపోయినప్పుడు ఒంటి వేడి ఎంత ఉంది, ఎక్కడ, ఎన్ని గంటలకు, ఏ పనిలో ఉండగా పడ్డాడు అనేవి రాసి ఉంటేనే డాక్టరు ఆ మాట రాయగలడు. లేకపోతే ‘గుండెపోటు’ అని రాసి ముగిస్తారు.

నేను చూసిన ఘోరం ఏమిటంటే, మనిషి పోగానే చేతిలో కొంత డబ్బు పెట్టి, పోస్టుమార్టం లేకుండా, ఆ రాత్రికే అంబులెన్సులో శవాన్ని మన జిల్లాలకు పంపించేయడం. ఇంట్లోవాళ్ళు దుఃఖంలో ఉంటారు, సంతకం పెట్టమన్న చోట పెట్టేస్తారు. అలా వెళ్ళిన తర్వాత ఏ పరిహారానికీ ఆధారం మిగలదు. పనిలో ఉండగా చనిపోతే యజమాని ఇవ్వాల్సిన పరిహారం వేరే ఉంది, దానికి కూడా ఇవే కాగితాలు కావాలి. పోలీసులకు చెప్పి అనుమానాస్పద మరణం కింద నమోదు చేయించాలి (పాత నేర విచారణ చట్టంలో సెక్షన్ 174, ఇప్పుడు దాని స్థానంలో వచ్చిన బీఎన్ఎస్ఎస్‌లో సెక్షన్ 194). పోస్టుమార్టం అడగాలి, తహసీల్దారు ఆఫీసులో అర్జీ పెట్టాలి. ప్రాణం ఉన్నప్పుడు కూడా ఇదే వర్తిస్తుంది. సొమ్మసిల్లి ఆసుపత్రికి వెళ్ళినవాడి ఓపీ చీటీ మీద ‘ఎండలో పనిచేస్తూ’ అని రాయించుకోండి. సర్కారుకు వెళ్ళే వడదెబ్బ లెక్కల్లో మనవాళ్ళు కనబడేది ఆ చీటీ వల్లనే. లెక్కలో కనబడితేనే వచ్చే ఏడాది పని వేళల గురించి ఎవరైనా మాట్లాడతారు.

బీపీ, షుగరు, మానసిక సమస్యల మందులు వాడేవాళ్ళకు ఎండ ముప్పు ఎక్కువ, కొన్ని మందులు ఒంట్లో నీటిని తగ్గిస్తాయి. మీ బావగారు ఏవైనా వాడుతుంటే పేర్లు రాయండి. ఊరి నుంచి ఎప్పుడొచ్చారు, స్లాబ్ పోత ఏ వేళ జరుగుతోంది అన్నవి కూడా చెబితే, మేస్త్రీతో ఏం మాట్లాడాలో ఇంకా వివరంగా చెబుతాను.